కాగితంలో లేని రెండు మాటలు

ఆ కాలేజీ కంప్యూటరు విభాగంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ లేరు. విద్యార్థులకే కాదు, పాఠాలు చెప్పేవాళ్ళకు, ఆఖరికి ప్రిన్సిపాలుగారికి కూడా ఆమె ల్యాబక్కే. ఇరవై రెండేళ్ళ కిందట పరీక్ష పేపర్లు టైపు చేయడానికి మూడు నెలల కోసమని చేరింది. డిగ్రీ రెండో ఏడాదిలోనే చదువు ఆగిపోయిన మనిషి. ఆ మూడు నెలలూ అలా అలా సాగి జీవితమంతా అయింది. "అక్కా, ఇది నడవట్లేదు" అని రోజుకు ముప్పై నలభైమంది పిల్లలు పిలుస్తుంటే, వాళ్ళ భుజాల మీదుగా తొంగి చూసి చూసి, ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే ప్రోగ్రాములు చదవడం వచ్చేసింది. రెండడుగుల దూరం నుంచే ఫలానా లైన్లో తప్పుందని చెప్పేది. చెప్పి, "నేనేం చదువుకున్నదాన్ని కాదు, నువ్వే సరిగ్గా చూసుకో నాయనా" అని పక్కకు తప్పుకునేది.

విభాగంలో పెద్ద ప్రొఫెసరుగారు ఒక ప్రయోగం తలపెట్టినప్పుడు ఆయన మొదట పిలిచింది ఆమెనే.

ప్రయోగం వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఒక గ్రంథాలయంలో ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో, ఎప్పటికి తిరిగివ్వాలో చూసుకునే ప్రోగ్రాం ఒకటి. నాలుగు వందల లైన్లు. అందులో కావాలనే పద్దెనిమిది తప్పులు పెట్టి కాగితాల మీద అచ్చు వేస్తారు. సాఫ్ట్‌వేరు పని చేసేవాళ్ళకు, నేర్చుకునేవాళ్ళకు ఇచ్చి గంటన్నరలో ఎన్ని తప్పులు పట్టుకుంటారో చూస్తారు. సగంమంది ఇద్దరిద్దరు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటూ వెతకాలి. మిగతా సగం ఎవరికి వారు వేరుగా వెతకాలి. తర్వాత విడివిడిగా వెతికినవాళ్ళ కాగితాలు చీటీ వేసి రెండేసి కలుపుతారు. కలిసి వెతికిన జంటకు ఎక్కువ దొరుకుతాయా, వేరువేరుగా వెతికి కలుపుకుంటే ఎక్కువ దొరుకుతాయా? అంతే ప్రశ్న. ఒక్కచోట చేస్తే అది ఆ ఊరి సంగతో, ఆ ఆఫీసు సంగతో అవుతుంది కనుక నాలుగు చోట్ల చేయాలన్నారు. మొదటిది తమ కాలేజీ. రెండోది రైళ్ళ రాకపోకల సాఫ్ట్‌వేరు రాసే పెద్ద సంస్థ. మూడోది ఒక చిన్న కంపెనీ. నాలుగోది ఆస్పత్రుల రికార్డులు చూసే ఆఫీసు.

"అన్నిచోట్లా అన్నీ ఒకేలా ఉండాలి. నువ్వొక్కదానివే అన్ని గదుల్లోనూ చదవాలి, గడియారం నువ్వే పట్టుకోవాలి. మనుషులు మారితే ఫలితం మారుతుంది," అన్నారు ప్రొఫెసరుగారు.

ఆ మాట ల్యాబక్కకు బాగా ఒంటబట్టింది. పెన్సిళ్ళన్నీ ఒకే పొడవుకు చెక్కి డబ్బాల్లో సర్దింది. స్టాప్‌వాచీలు రెండు కొనిపించి, వారం రోజులపాటు రెండింటినీ పక్కపక్కన నడిపి చూసింది. కిటికీలోంచి ఎండ ఎవరి మొహాన పడుతుందో చూసి కుర్చీలు జరిపించేది. సూచనల కాగితం ఒకటి, పదకొండు వాక్యాలది, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివేది. ఏ వాక్యం తర్వాత ఊపిరి పీల్చుకోవాలో కూడా పెన్సిలుతో గుర్తు పెట్టుకుంది.

ప్రయోగంలో లెక్కలు చూసే అమ్మాయి ఒకతె ఉండేది. ఆ ప్రయోగం మీదే పీహెచ్‌డీ చేస్తోంది. ల్యాబక్క ఆమెను ముందుగానే "డాక్టరమ్మా" అని పిలిచేది. "ఇంకా కాలేదక్కా," అని ఆ అమ్మాయి సిగ్గుపడేది. ఇద్దరూ కలిసి పెట్టెలు మోసుకుంటూ ఆటోలో వెళ్ళేవాళ్ళు, వచ్చేవాళ్ళు.

ఇంట్లో అత్తగారికి ఇదంతా ఓ పట్టాన అర్థం కాలేదు. "ఇవాళ కూడా పరీక్ష పెట్టొచ్చావా? ఎంతమంది తప్పారు?" అని అడిగేది.

"తప్పడం ఏమీ ఉండదత్తయ్యా. వాళ్ళు తప్పులు పట్టుకుంటారు."

"తప్పులు మీరే పెట్టి వాళ్ళని పట్టుకోమంటారా? చేతిలో పని లేకపోతే సరి."

భర్త పడీపడీ నవ్వేవాడు. ఆయన లిఫ్టుల మెకానిక్కు. "వెధవ లిఫ్టులు, వాటిల్లో తప్పులు ఎవరూ పెట్టకుండానే ఉంటాయి," అనేవాడు.

మొదటి రెండు చోట్లా పని గీత గీసినట్టు జరిగిపోయింది. మూడోది చిన్న కంపెనీ. ఒక చెప్పుల దుకాణం పైన మూడో అంతస్తులో ఉంది. ల్యాబక్క, లెక్కల అమ్మాయి పెట్టెలతో మెట్లెక్కి వెళ్ళేసరికి ఆఫీసంతా గుసగుసగా ఉంది. కిటికీ వైపు వరసలో ఐదు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. బల్లల మీద ఛార్జర్ల వైర్లు ఇంకా వేలాడుతున్నాయి. ఐదుగుర్ని పోయిన నెలలోనే ఇంటికి పంపేశారని మెట్ల దగ్గర కనిపించిన కాపలా మనిషి చెప్పాడు.

ఇరవై నలుగురు వచ్చారు. పన్నెండుమందిని జంటలుగా ఒక గదిలో కూర్చోబెట్టారు. మిగతా పన్నెండుమంది వేరే గదిలో దూరదూరంగా కూర్చున్నారు. ల్యాబక్క ముందు జంటల గదిలో సూచనలు చదివి, గడియారం నొక్కి, లెక్కల అమ్మాయిని అక్కడ కాపలా పెట్టి రెండో గదికి వచ్చింది. పదకొండు వాక్యాలూ చదివింది. ఇక గడియారం నొక్కబోతుండగా, మొదటి వరసలో నెరిసిన గడ్డం ఆయన చెయ్యెత్తాడు. యాభై ఏళ్ళుంటాయి.

"ఇవి మా మేనేజరుగారు చూస్తారా అమ్మా?"

గదిలో పన్నెండు తలలూ పైకి లేచాయి. అడిగింది ఆయనే అయినా అందరి ప్రశ్నా అదేనని ఆమెకు తెలిసిపోయింది. ఎవరూ చూడరని వాళ్ళు సంతకం పెట్టిన కాగితంలో రెండో పేజీలో చిన్న అక్షరాలతో ఉంది. చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు?

"ఎవరూ చూడరు. మీ పేర్లు కూడా ఉండవు," అంది. అంతటితో ఆగితే సరిపోయేది. కానీ ఆయన మొహం ఇంకా తేటపడలేదు. ల్యాబులో బిక్కమొహం వేసుకుని నిలబడే పిల్లలతో మాట్లాడినట్టే మెత్తగా, "భయపడకండి. అనుమానంగా ఉన్నా రాసేయండి. తప్పయితే ఏం కాదు," అంది.

గది ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టయింది. ఆమె గడియారం నొక్కింది.

ఆ తర్వాత ఆ సంగతి ఆమెకు గుర్తు కూడా లేదు.

నెల తిరిగేసరికి ఫలితాలు వచ్చాయి. మొదటి రెండు చోట్లా జంటలకు పదకొండు దాకా దొరికితే, వేరుగా వెతికి కలుపుకున్నవాళ్ళకు పది. మూడోచోట మాత్రం అంతా తలకిందులైంది. జంటలకు ఎనిమిది, వేరుగా వెతికినవాళ్ళకు పదమూడు. లెక్కల అమ్మాయి మూడుసార్లు కూడి చూసింది. అంకెలు మారలేదు.

ప్రొఫెసరుగారికి మాత్రం ఉత్సాహం ఆగలేదు. చిన్న కంపెనీల్లో ఎవరి పని వాళ్ళు ఒంటరిగా చేసుకుంటారు కాబట్టి, పక్కన మనిషి కూర్చుంటే వాళ్ళకు పని సాగదని ఒక సిద్ధాంతం కట్టారు. నాలుగోచోటు తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇది రాసి పంపిద్దామన్నారు. వ్యాసం రెండు వారాల్లో తయారైంది. శుక్రవారం పంపాలి. ఆ వ్యాసం వెళ్తే లెక్కల అమ్మాయి పీహెచ్‌డీ దాదాపు చేతికొచ్చినట్టే. ఆమె కోసం ఒక సంస్థలో ఉద్యోగం కూడా సిద్ధంగా ఉంది. జూన్ దాకా ఆగుతామన్నారు వాళ్ళు.

మంగళవారం పొద్దున ల్యాబక్క జవాబు కాగితాలను అలమరలో సర్దుతోంది. ఆమెకు ఊరికే సర్దడం చేతకాదు, ఒక్కొక్కటీ తిరగేసి చూస్తుంది. మూడోచోటు రెండో గది కట్ట దగ్గరకొచ్చేసరికి చేతులు నెమ్మదించాయి. ప్రతి కాగితం మీదా ప్రశ్నార్థకాలు. 'ఇక్కడ తప్పుందేమో', 'నాకు ఖాయంగా తెలీదు గానీ'. సరైనవి ఎక్కువ ఉన్నాయి, నిజమే. కానీ లేని తప్పులు కూడా మనిషికి ఏడెనిమిది రాశారు. మిగతా చోట్ల అలాంటివి రెండో మూడో ఉన్నాయంతే. లెక్కల అమ్మాయి సరైనవే లెక్కేసింది, ఎందుకంటే లెక్క అడిగింది వాటినే. ఇన్నిన్ని అనుమానాలు ఈ ఒక్క గదిలోనే ఎందుకు రాశారు?

నెరిసిన గడ్డం ఆయన అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. తన గొంతు తనకే వినిపించింది. అనుమానంగా ఉన్నా రాసేయండి.

ఆమె స్టూలు మీద కూలబడింది. పెన్సిళ్ళు ఒకే పొడవుకు చెక్కింది, ఎండ పడకుండా కుర్చీలు జరిపింది, రెండు గడియారాలు వారం రోజులు నడిపి చూసింది. తన నోటిని మాత్రం చూసుకోలేదు.

సాయంత్రం ఇంటికొచ్చాక కూడా మనసు మనసులో లేదు. భర్త రెండుసార్లు పిలిస్తే గానీ పలకలేదు. ఏమైందని అడిగితే చెప్పింది. చెప్పి, "ఎవరికీ తెలీదు. ఆ గదిలో నేనూ, వాళ్ళూ, అంతే. నేను నోరు మూసుకుంటే ఆ పిల్ల బతుకు బాగుపడుతుంది," అంది.

ఆయన మంచిదనీ చెడ్డదనీ తీర్పు చెప్పే రకం కాదు. "మా పనిలో ఒకటుంది. లిఫ్టు బాగుచేసి వచ్చేటప్పుడు ఏం ముట్టుకున్నానో పుస్తకంలో రాసి రావాలి. పొరపాటున ముట్టుకున్నది కూడా. రాయకపోతే ఆ తర్వాత వచ్చేవాడు ఎక్కడని వెతుకుతాడు?" అన్నాడు.

"నాకేమన్నా అవుతుందేమో?"

"అవ్వచ్చు."

అత్తగారు లోపల్నుంచి, "పరీక్షలో చూచిరాత పట్టుకున్నారా ఏమిటి?" అంది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

మర్నాడు ముందు లెక్కల అమ్మాయికే చెప్పింది. ఆ అమ్మాయి వింటున్నంతసేపూ కళ్ళార్పలేదు. విన్నాక కాగితాల కట్ట తెప్పించుకుని, లేని తప్పుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. పెన్ను కింద పెట్టి, "ముందే చెప్పొచ్చుగా అక్కా," అంది.

"గుర్తులేదమ్మా. నిన్నే గుర్తొచ్చింది."

"ఇంకో నాలుగు రోజులు గుర్తురాకపోతే ఏం?" అనేసి, అన్నందుకు తనే తల దించుకుంది. తర్వాత లేచి, తనే ముందు నడిచి ప్రొఫెసరుగారి గదికి తీసుకెళ్ళింది.

ప్రొఫెసరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "కచ్చితంగా ఏమన్నావు? ఆ మాటలే చెప్పు."

చెప్పింది.

"జంటల గదిలో?"

"అనలేదు సార్. అక్కడ ఎవరూ అడగలేదు."

"అక్కడున్నవాళ్ళకూ భయం ఉండే ఉంటుందిగా?"

"ఉండే ఉంటుంది సార్. పైగా పక్కన తోటివాడు కూర్చున్నాడు. తెలీదని వాడి ముందు ఎలా అంటారు?"

ఆయన మొహం ఎర్రబడింది. ఇన్నేళ్ళలో నీ మీద ఒక్క మాట పడలేదు, నీ మీద భరోసాతోనే కదా ఇదంతా అప్పగించింది అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటేనే ఆమెకు తేలిగ్గా ఉండేది. కాసేపటికి ఒక తెల్లకాగితం ఆమె వైపు జరిపారు. "ఏమన్నావో రాసి, తేదీ వేసి సంతకం పెట్టు." ఆమె రాసింది. ఆయన అది మడిచి, ఆ శుక్రవారం పంపాల్సిన వ్యాసం మీద పెట్టి, రెండింటినీ కలిపి సొరుగులో పడేశారు.

వ్యాసం వెళ్ళలేదు. జూన్ వచ్చి వెళ్ళిపోయింది. లెక్కల అమ్మాయి కోసం ఆగుతామన్న సంస్థ ఆ తర్వాత ఆగలేదు. దాదాపు రెండు నెలలు ఆ అమ్మాయి ల్యాబక్కతో పనికి కావలసిన మాటలే మాట్లాడింది. ఒకరోజు అలవాటుగా "డాక్టరమ్మా" అని నోరు జారితే, "అలా పిలవకండక్కా," అంది. ఆ తర్వాత ల్యాబక్క అలా పిలవలేదు. ఆ అమ్మాయి కోపం న్యాయమేననిపించింది. తిరిగి మంచి చేసుకోవాలని ఏ ప్రయత్నమూ చేయలేదు, చేస్తే అది తన మనసు తేలికపరుచుకోవడానికేనని తోచింది.

కానీ ఒక పని మాత్రం అడిగి మరీ చేసింది. మూడోచోటుకు వెళ్ళి, వాళ్ళు రాసినవి లెక్కలోకి తీసుకోవడం లేదని తనే చెప్పి వస్తానంది. "ఉత్తరం పంపితే సరిపోతుంది," అన్నారు ప్రొఫెసరుగారు. "గంటన్నర కూర్చుని రాశారు సార్," అందామె.

మూడో అంతస్తులో ఖాళీ కుర్చీలు ఇప్పుడు లేవు. బల్లలు దగ్గరికి జరిపేశారు. మేనేజరు నిలబడే విని, సరేనన్నాడు. ఆమె మెట్లు దిగుతుంటే నెరిసిన గడ్డం ఆయన టీ గ్లాసుతో ఎదురొచ్చి గుర్తుపట్టాడు. ఆయనకూ చెప్పింది.

"అంటే మేం రాసింది పనికిరాదా అమ్మా?"

"మీరు రాసింది బాగానే ఉంది. నేను అన్న మాటే ఉండకూడనిది. కాగితంలో లేనిది."

ఆయన టీ గ్లాసు మెట్టు మీద పెట్టాడు. "మీరు ఆ మాట అనకపోతే నేను తెల్లకాగితం ఇచ్చి వచ్చేసేవాణ్ణి. నిజంగానే. ఆ ఐదుగుర్ని పంపేసిన దగ్గర్నుంచి నాకు ఇక్కడ నోరు పెగిలేది కాదు. ఏదైనా తప్పని చెప్తే, అది తప్పు కాకపోతే, నా మీదకొస్తుందేమోనని." గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఆ తర్వాత మీటింగుల్లో రెండు మూడుసార్లు అనుమానంగా ఉందని చెప్పాను. ఒకటి నిజంగానే పెద్ద తప్పు. మా వాళ్ళు నాలుగు రోజులు దిద్దారు," అన్నాడు.

ల్యాబక్కకు సంతోషించడానికి మొహం చెల్లలేదు. అలాగని బాధపడనూ లేకపోయింది. "టీ చల్లారిపోతుందండీ," అంది.

ఈ మాట కూడా ప్రొఫెసరుగారికి చెప్పింది. ఆయన కిటికీలోంచి చూస్తూ విన్నారు. "భయం సంగతి నేను ఆలోచించలేదు. మన కాలేజీ పిల్లలకు ఉద్యోగాలు పోవు. రైళ్ళ సంస్థలోనూ ఎవర్నీ తీసేయరు. అందుకే అక్కడ తెలియలేదు," అన్నారు.

"అయితే ఆ మాట అందరికీ చెప్తే సార్? రెండు గదుల్లోనూ. ఒకేలాగా."

"చెప్తే పాతవన్నీ పనికిరావు. మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి."

"తెలుసు సార్."

ఆయన లెక్కల అమ్మాయి వైపు చూశారు. కష్టమంతా ఆమెదే, ఆమె చెప్పాలి. ఆ అమ్మాయి గోళ్ళు చూసుకుంటూ, "ఎలాగూ జూన్ పోయింది కదా సార్," అంది.

ఆ రెండు మాటలూ చేరి సూచనల కాగితం పదమూడు వాక్యాలదైంది. కొత్త ప్రోగ్రాం రాశారు, కొత్తగా పద్దెనిమిది తప్పులు పెట్టారు. వాటిలో మూడు ల్యాబక్క ఎంచినవి, ఇరవై రెండేళ్ళుగా పిల్లలు మళ్ళీ మళ్ళీ చేసేవి. ఎనిమిది నెలలపాటు నాలుగు చోట్ల తిరిగారు. మూడోచోటుకు బదులు ఇంకో చిన్న కంపెనీ దొరికింది. ఆస్పత్రి రికార్డుల ఆఫీసులో చదువుతుండగా, ఒకావిడ మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ కనిపించింది. ఎందుకో తెలియదు. ల్యాబక్క గొంతు ఒక్క క్షణం తడబడింది. పన్నెండో వాక్యం చదివింది, పదమూడో వాక్యం చదివింది, గడియారం నొక్కింది. గంటన్నర అయ్యాక, కాగితాలన్నీ కట్ట కట్టి సీలు వేసిన తర్వాతే ఆవిడ దగ్గరకెళ్ళి, మంచినీళ్ళు కావాలా అని అడిగింది. పక్కింటావిడ ఆస్పత్రిలో ఉందట. పది నిమిషాలు కూర్చుని విన్నది.

చివరికి తేలిందేమిటంటే, పెద్దగా ఏమీ తేలలేదు. జంటలకూ వేరుగా వెతికినవాళ్ళకూ తేడా అర తప్పు కూడా లేదు. సిద్ధాంతాలేవీ నిలబడలేదు. వ్యాసం ఒక చిన్న పత్రికలో వచ్చింది. అందులో వదిలేసిన పాత ప్రయోగం గురించి ఒక పేరా ఉంది. ఏ మాట అన్నది, ఎవరు అన్నది, దానివల్ల ఏం జరిగి ఉంటుందన్నది దాపరికం లేకుండా రాశారు. ఆ పేరా రాసింది లెక్కల అమ్మాయే. అచ్చు కాకముందు ల్యాబులోకి తెచ్చి చూపించింది.

"మీకు ఇబ్బందైతే తీసేస్తానక్కా."

ల్యాబక్క రెండుసార్లు చదివింది. "మెత్తగా అంది అని రాశావు. అది ఎందుకు?"

"అన్నారు కదా. నాకు మీ గొంతు తెలుసు."

ల్యాబక్క ఆ కాగితం తిరిగి ఇచ్చింది. ఆ పదం అలాగే ఉండిపోయింది. వ్యాసం వచ్చిన ఆరు నెలలకు ఆ అమ్మాయికి పట్టా వచ్చింది, మరో ఊళ్ళో ఉద్యోగమూ వచ్చింది. ముందు చేజారినంత మంచిది కాదు గానీ, వెళ్ళేటప్పుడు నవ్వుతూనే వెళ్ళింది.

ప్రొఫెసరుగారు ఇప్పుడు కొత్త ప్రయోగం ఏది తలపెట్టినా, సూచనల కాగితం ముందుగా ల్యాబక్క చేతికిస్తున్నారు. "బిగ్గరగా చదివి చూడు. చదువుతుంటే ఎక్కడ ఇంకో మాట అనాలనిపిస్తుందో అక్కడ గీత పెట్టు," అంటారు. మొదటిసారి ఇచ్చినప్పుడు ఆమె ఒక్క పేజీలో ఏడు గీతలు పెట్టింది. ఆయన ఒక్కొక్కటే చూసి, నాలుగింటికి ఒప్పుకుని, మిగతా మూడింటి మీద ఆమెతో గంటసేపు వాదించారు.